దగ్గితే చీర తడుస్తోంది... ఎవరికి చెప్పుకోను?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 51. ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. ఇద్దరు పిల్లలు. రెండూ మామూలు కాన్పులే కానీ, రెండో బిడ్డ నాలుగు కిలోలకు దగ్గరగా ఉండటంతో చాలా కష్టమైంది. నెలసరి ఆగిపోయి రెండేళ్లయింది. బీపీకి మాత్ర వేసుకుంటున్నాను. నాలుగేళ్లుగా దగ్గినా, తుమ్మినా, గట్టిగా నవ్వినా మూత్రం చుక్కలుగా పడుతోంది. ఏడాదిగా ఇంకో ఇబ్బంది కూడా మొదలైంది. బడి నుంచి వచ్చి తాళం తీస్తుండగానే ఆపుకోలేనంతగా వచ్చేస్తుంది, బాత్రూంకు చేరేలోపే లంగా తడిసిపోతుంది. అందుకని బడి రోజుల్లో పొద్దున టీ తాగాక మధ్యాహ్నం దాకా నీళ్లు ముట్టను. అవసరం ఉన్నా లేకపోయినా గంటకోసారి వెళ్లి వస్తాను. ముదురు రంగు చీరలే కడుతున్నాను. పెళ్లిళ్లకు, ప్రయాణాలకు వెళ్లడం మానేశాను. తడిసిన బట్టలు రాత్రి అందరూ పడుకున్నాక ఉతుక్కుంటున్నాను. మొన్న మా కోడలు "అత్తయ్యా, మీ గదిలో ఏదో వాసన వస్తోంది" అంది. అప్పటి నుంచి తలెత్తుకోలేకపోతున్నాను. మా వారికి కూడా చెప్పలేదు, మోకాళ్ల నొప్పులని చెప్పి వేరే మంచం వేసుకున్నాను. వచ్చే నెలలో మా అమ్మాయి సీమంతం. ఇలాంటి స్థితిలో పూజ దగ్గర కూర్చోవచ్చా? గర్భసంచి తీయించుకుంటే ఇది పోతుందని పక్కింటావిడ అంటోంది, నిజమేనా? లేక వయసుతో వచ్చేదే కనుక ఓర్చుకోవలసిందేనా? దయచేసి నా పేరు ప్రచురించవద్దు.

సమాధానం: అమ్మా, ముందు మీ చివరి ప్రశ్నకే జవాబు చెబుతాను. ఇది ఓర్చుకోవలసిన విషయం కాదు. వయసు పెరిగేకొద్దీ ఈ ఇబ్బంది ఎక్కువమందిలో కనిపించే మాట నిజమే కానీ, వయసుతో వచ్చినంత మాత్రాన వైద్యం లేదని అర్థం కాదు. కంట్లో శుక్లాలు కూడా వయసుతోనే వస్తాయి, వాటికి ఆపరేషన్ చేయించుకుని, నల్లద్దాలు పెట్టుకుని, పలకరించడానికి వచ్చిన ప్రతివారికీ ఆ కథంతా చెబుతాం. మూత్రం ఆపుకోలేకపోవడం గురించి వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే, పెద్దవయసు స్త్రీలలో కనీసం నాలుగోవంతు మందికి ఏదో ఒక స్థాయిలో ఈ బాధ ఉన్నట్టు తేలుతోంది. మీ బడిలోనే ఎనిమిది మంది టీచరమ్మలు ఉంటే, మీరు కాక మరొకరైనా మీలాగే ముదురు రంగు చీర కట్టుకుని, మీకు తెలియకూడదని జాగ్రత్తపడుతూ ఉండవచ్చు.

మీ ఉత్తరంలో జబ్బు గురించి ఉన్నవి మూడు నాలుగు వాక్యాలే. మిగిలినదంతా దాన్ని దాచడానికి మీరు పడుతున్న పాట్లు. నాకు ఎక్కువ ఆందోళన కలిగించినది ఆ రెండో భాగమే. ఎందుకంటే దాచడం కోసం మీరు చేస్తున్న పనుల్లో చాలావరకు జబ్బును పెంచేవే. అది ఎలాగో అర్థం కావాలంటే మీకున్న ఇబ్బందులు రెండనీ, రెండింటి కారణాలూ వేరనీ తెలుసుకోవాలి.

మొదటిది దగ్గు, తుమ్ము, నవ్వు, బరువెత్తడం వంటి సందర్భాల్లో పడే చుక్కలు. మూత్రాశయాన్నీ, గర్భసంచినీ, పేగు చివరి భాగాన్నీ కిందినుంచి ఉట్టిలా మోసే కండరాలు కటి భాగంలో ఉంటాయి. పెద్ద బిడ్డ, గంటల తరబడి సాగిన నొప్పులు, కష్టమైన కాన్పు వాటిని సాగదీస్తాయి. వయసులో ఉన్నప్పుడు శరీరం దాన్ని ఎలాగో సర్దుకుంటుంది. నెలసరి ఆగి, ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోను తగ్గాక ఆ భాగంలోని పొరలు పలచబడటంతో, ఎప్పుడో పాతికేళ్ల కింద జరిగిన నష్టం ఇప్పుడు బయటపడుతుంది. రెండోది, తాళం తీస్తుండగా వచ్చే ఆ తట్టుకోలేని తొందర. ఇందులో తప్పు మూత్రాశయపు కండరానిది. అది నిండకముందే, మీ అనుమతి లేకుండానే బిగుసుకుంటుంది. ఇంటి గుమ్మం, కుళాయి చప్పుడు, చల్లటి నీటి స్పర్శ దాన్ని రెచ్చగొట్టడం మేము రోజూ వినే విషయమే. ఈ రెండూ కలిసి ఉండటం మీ వయసులో చాలా మామూలు.

ఇక మీ జాగ్రత్తల సంగతికి వస్తాను. ఆరోగ్యవంతుల మూత్రాశయం సుమారు 400 నుంచి 500 మిల్లీలీటర్లు పట్టుకోగలదు. అందులో 150, 200 చేరినప్పుడు మొదటి కబురు పంపుతుంది కానీ, అప్పుడే పరుగెత్తనక్కర్లేదు. మీరు "ఎందుకైనా మంచిది" అనుకుని గంటకోసారి వెళ్లడం వల్ల అది నిండటమే మరిచిపోయింది. కొద్దిపాటి మూత్రానికే గగ్గోలు పెట్టడం అలవాటు చేసుకుంది. నీళ్లు మానేయడం వల్ల మూత్రం చిక్కబడుతుంది, చిక్కటి మూత్రం మూత్రాశయపు లోపలి పొరను మండిస్తుంది, ఆ మంటకు తొందర ఇంకా పెరుగుతుంది. నీళ్లు తక్కువైతే మలబద్ధకం వస్తుంది, ముక్కి ముక్కి వెళ్లేకొద్దీ ఇప్పటికే సాగిన కండరాలు మరింత సాగుతాయి. ఇన్ఫెక్షన్లకు కూడా అదే దారి. మీ కోడలు అన్న వాసన సంగతి కూడా ఇందులోనిదే. అప్పుడే పడిన పలుచని మూత్రానికి పెద్ద వాసన ఉండదు. చిక్కటి మూత్రం బట్టలో గంటల తరబడి ఉండిపోయినప్పుడు బాక్టీరియా దాన్ని విడగొట్టి అమ్మోనియా పుట్టిస్తుంది. తడిసిన లంగాను రాత్రి పదకొండింటి దాకా బకెట్‌లో దాచి ఉంచినంతసేపూ జరిగేది అదే. మీరు చాలినన్ని నీళ్లు తాగి, బట్టను వెంటనే చల్లటి నీళ్లలో జాడించి పెడితే ఆ మాట అనవలసిన అవసరమే ఆమెకు వచ్చేది కాదు. ఆ భాగాన్ని సబ్బుతోనూ, యాంటీసెప్టిక్ ద్రావణాలతోనూ పదే పదే రుద్ది కడుక్కుంటుంటే అది కూడా మానండి. మామూలు నీళ్లు చాలు, లేకపోతే చర్మం ఒరిసిపోయి కొత్త బాధ మొదలవుతుంది.

ఇంత చదువుకున్నవారు, పిల్లలకు సైన్సు చెప్పగలవారు కూడా నాలుగేళ్లు ఎందుకు దాచుకున్నారని అడిగే హక్కు నాకు లేదు. మూత్రం మీద అదుపు అన్నది మన ఇళ్లలో పిల్లలు నేర్చుకునే మొదటి మర్యాద. మూడేళ్ల పిల్ల పక్క తడిపితే నలుగురిలో చెప్పి నవ్వుతాం, ఏ ముసలావిడకో అదుపు తప్పితే మంచం వసారాలోకి మారుస్తాం. ఈ రెంటి మధ్య ఉన్న యాభై ఏళ్ల మనిషికి అదే జరిగితే, తనను పసిపిల్ల కిందో, కాలం తీరిన మనిషి కిందో జమకడతారన్న భయం పుట్టడం సహజం. ఆడపిల్లలకు దీనికితోడు బిగపట్టుకోవడం అనే చదువు ఒకటి విడిగా ఉంటుంది. గడియ లేని తలుపు, నీళ్లు రాని కుళాయి ఉన్న బడిలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వెళ్లకుండా ఉండటం గొప్పగా నేర్పుతాం. ఆ బడిలోనే పాఠం చెప్పే టీచరమ్మ కూడా అదే పని చేస్తుంది. మీరు సిగ్గుపడవలసిన పని ఏదీ చేయలేదని నేనొక్కమాట రాసినంత మాత్రాన ఆ సిగ్గు పోదని నాకు తెలుసు. కానీ దాని మాట విని చేసే పనులను మానవచ్చు, అది ఈరోజే మొదలుపెట్టవచ్చు.

డాక్టరు దగ్గరకు వెళ్లేముందు మూడు రోజులపాటు ఒక నోటుపుస్తకంలో లెక్క రాయండి. అందులో రెండు రోజులు బడి ఉన్నవి, ఒకటి సెలవు అయితే మంచిది. ఎన్ని గంటలకు ఏమి తాగారు, ఎంత తాగారు, ఎన్ని గంటలకు వెళ్లారు, కొలత గీతలున్న పాత ప్లాస్టిక్ మగ్గులో పడితే ఎంత వచ్చింది, ఎప్పుడు తడిసింది, అప్పుడు ఏం చేస్తున్నారు, ఇంతే. మాటల్లో చెప్పడానికి నోరు రాకపోయినా ఆ పుస్తకం డాక్టరు ముందు పెట్టండి, సగం సంభాషణ అయిపోయినట్టే. అక్కడ మూత్ర పరీక్ష చేసి ఇన్ఫెక్షన్ ఉందేమో, రక్తపరీక్షలో షుగరు ఉందేమో చూస్తారు. మూత్రం పోశాక లోపల ఎంత మిగిలిపోతోందో స్కానింగ్‌లో తెలుస్తుంది. కింద పరీక్ష చేసి, ఒకసారి దగ్గమని, గర్భసంచి జారిందేమో, కండరాల్లో ఎంత పట్టు ఉందో గమనిస్తారు. మొత్తం కొద్ది నిమిషాల పని. పరీక్ష సమయంలో నాలుగు చుక్కలు పడినా కంగారు పడకండి, మాకు కావలసిన ఆధారం అదే. మీరు వాడే బీపీ మాత్ర పేరు తప్పకుండా చెప్పండి. రామిప్రిల్, ఎనలాప్రిల్ వంటివి కొందరికి వదలని పొడిదగ్గు తెప్పిస్తాయి, ఆ దగ్గే మీ మొదటి ఇబ్బందిని పెంచుతూ ఉండవచ్చు. కొన్ని బీపీ మాత్రలు మూత్రాన్ని ఎక్కువ చేస్తాయి. ఏదైనా సరే, మీ అంతట మీరు మానకండి, మార్చవలసింది డాక్టరే.

చికిత్సలో మొదటి మెట్టు వ్యాయామమే. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ గైనకాలజిస్టు 1948లో కటి కండరాలకు వ్యాయామం గురించి రాశాక, ఇన్నేళ్ల తర్వాత కూడా మీ మొదటి రకం ఇబ్బందికి అంతకు మించిన ఆరంభం లేదు. వచ్చిన చిక్కల్లా దాన్ని చాలామంది తప్పుగా చేయడమే. నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ బయటికి పోకుండా ఎలా బిగించుకుంటామో, అలా వెనకనుంచి ముందుకు, లోపలికి పైకి లాగినట్టు బిగించాలి. పొట్ట గట్టిపడినా, తొడలు దగ్గరపడినా, పిరుదులు కదిలినా, ఊపిరి బిగపట్టినా తప్పు కండరం పని చేస్తున్నట్టు లెక్క. ఐదు లెక్కపెట్టేదాకా బిగించి, అంతసేపూ వదిలి, మళ్లీ బిగించాలి. కొన్ని వారాల్లో పది లెక్కదాకా పెంచుకోవచ్చు. పూటకు కనీసం ఎనిమిది సార్లు, రోజుకు మూడు పూటలు, మూడు నెలలకు తగ్గకుండా చేయాలి. హాజరు పట్టీ పిలుస్తూ కూడా చేయవచ్చు, ఎదురుగా ఉన్న పిల్లలకు తెలియదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని వ్యాయామంగా చేయకండి, దానివల్ల మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకుండా పోతుంది. సరిగ్గా చేస్తున్నారో లేదో ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకటి రెండుసార్లు చూపించుకుంటే మీ మూడు నెలల శ్రమ వృథా పోదు. ఇంకో చిన్న కిటుకు కూడా ఉంది: దగ్గో తుమ్మో వస్తోందని తెలియగానే ముందే ఆ కండరాన్ని బిగించండి. కండరం బలపడకముందే ఈ ఒక్క అలవాటు చాలామందిలో చుక్కలను తగ్గిస్తుంది.

తాళం దగ్గర వచ్చే తొందరకు పద్ధతి వేరు. అది వచ్చినప్పుడు పరుగెత్తకండి, పరుగులోనే ఎక్కువగా తడుస్తుంది. ఉన్నచోటే నిలబడి లేదా కూర్చుని, కటి కండరాలను గబగబా ఐదారుసార్లు బిగించి వదిలి, నెమ్మదిగా ఊపిరి తీసుకుంటే ఆ తొందర ఉప్పెనలా వచ్చినా కాసేపటికి దిగిపోతుంది. దిగాక మామూలు నడకతో వెళ్లండి. ఇప్పుడు గంటకోసారి వెళ్తున్నారు కదా, ఈ వారం గంటా పావు, పై వారం గంటన్నర, అలా రెండున్నర, మూడు గంటల దాకా జరపండి. దీనికి కనీసం ఆరు వారాలు పడుతుంది, మధ్యలో రెండు మూడుసార్లు తడిసినా వదిలేయకండి. నీళ్లు రోజు మొత్తంమీద లీటరున్నర నుంచి రెండు లీటర్లు, ఎండాకాలంలో ఇంకొంచెం ఎక్కువ, అన్ని పూటలకూ పంచుకుని తాగండి. పడుకునేముందు రెండు గంటలు మాత్రం తగ్గించండి. తగ్గించవలసినవి టీ, కాఫీలు. వాటిలోని కెఫీన్ మూత్రాశయాన్ని రెచ్చగొడుతుంది, ఖాళీ కడుపుతో, నీళ్లు లేకుండా తాగే టీ మరీను. బరువు ఎక్కువగా ఉంటే అందులో 5 నుంచి 10 శాతం తగ్గినా తేడా మీకే తెలుస్తుంది.

గర్భసంచి విషయంలో మీ పక్కింటావిడ సలహా తప్పు. మూత్రం ఆపే ఏర్పాటు వేరు, గర్భసంచి వేరు. అది తీసేసినంత మాత్రాన చుక్కలు ఆగవు. పైగా ఆ ఆపరేషన్ చేయించుకున్నవారికి తర్వాతి సంవత్సరాల్లో ఈ ఇబ్బంది వచ్చే అవకాశం పెరుగుతుందని కొన్ని పెద్ద అధ్యయనాలు చూపాయి. మన రెండు రాష్ట్రాల్లో ఈ సలహా ఎంత సులువుగా దొరుకుతుందో చెప్పడానికి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలే సాక్ష్యం. 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో దేశం మొత్తంమీద నూటికి ముగ్గురు గర్భసంచి తీయించుకుని ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఎనిమిది మందికి పైగా ఉన్నారు. గర్భసంచి జారి బయటికి వస్తుంటే సంగతి వేరు, అది పరీక్షలో తేలుతుంది. అలాంటిదేమీ లేకుండా ఎవరైనా తీసేద్దామంటే రెండో అభిప్రాయం తీసుకోకుండా ఒప్పుకోకండి.

సీమంతానికి నెల రోజులే ఉంది కనుక, అప్పటికి వ్యాయామం ఫలితం పూర్తిగా కనిపించకపోవచ్చు. ఆ రోజు గడపడానికి మార్గం ఉంది. మందుల దుకాణాల్లో మూత్రం కోసమే తయారైన ప్యాడ్లు దొరుకుతాయి, అడగడానికి మొహమాటమైతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. నెలసరి ప్యాడ్లు నెమ్మదిగా వచ్చే రక్తానికి తయారైనవి, ఒక్కసారిగా పడే మూత్రాన్ని అవి పట్టలేవు. తడిసిన వెంటనే మార్చుకోండి, సంచిలో రెండు ప్యాడ్లు, ఒక లంగా అదనంగా పెట్టుకోండి. చీర ఏ రంగుదైనా కట్టుకోండి.

పూజ దగ్గర కూర్చోవడం గురించి అడిగారు. శాస్త్రాలు చెప్పే అర్హత నాకు లేదు కానీ, ఆతురులకు నియమం లేదన్న మాట మన పెద్దలు చెప్పినదే. జబ్బుమనిషికి ఉపవాసంలోనూ, మడిలోనూ సడలింపు ఇచ్చిన ఇళ్లే మనవి. స్నానం చేసి, శుభ్రమైన బట్ట కట్టుకుని, పొడి ప్యాడ్ పెట్టుకున్న మనిషి కూతురి సీమంతంలో వెనక గదిలో ఉండిపోవలసిన కారణం వైద్యపరంగా ఏదీ లేదు. మనసులో ఇంకా శంకగా ఉంటే, మీ ఇంటికి వచ్చే పురోహితుడినే "ఆరోగ్యం బాగాలేదు, కూర్చోవచ్చా" అని అడగండి, వివరాలు చెప్పనక్కర్లేదు.

మీ వారికి మాత్రం వివరాలే చెప్పండి. ఆయన ఇప్పుడు మీ మోకాళ్ల గురించి బెంగ పెట్టుకున్నారో, మీకు తన మీద ఏదో కోపం వచ్చిందని అనుకుంటున్నారో మీకూ తెలియదు. అబద్ధం మీద వేసిన మంచం ఇద్దరి మధ్యా దూరాన్ని పెంచుతుంది. రాత్రి పడుకునేవేళ కాకుండా, ఇద్దరే ఉన్న ఏ సాయంత్రమో, "ఏమండీ, నాకు కొన్నాళ్లుగా దగ్గినప్పుడు మూత్రం పడుతోంది. మోకాళ్ల నొప్పులని చెప్పింది అందుకే. డాక్టరుకు చూపించుకోవాలి, మీరు కూడా రండి" అని అంతవరకే చెప్పండి. వాక్యం చిన్నదైతే చెప్పడం సులువు. దాంపత్యంలో ఇబ్బంది అవుతుందన్నది మీ భయమైతే, ముందుగా మూత్రాశయం ఖాళీ చేసుకోవడం చాలామందికి సరిపోతుంది, సరిపోకపోతే దానికీ వైద్యం ఉంది. కోడలికి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. నాకైతే, ఆ అమ్మాయి మాట వెనక వెటకారం కంటే తెలియనితనమే కనిపించింది. చెబితే కనీసం బట్టలు పగలే ఆరేసుకోవచ్చు.

మీ అమ్మాయికి మాత్రం చెప్పితీరాలి. ఇప్పటిదాకా ఆపుకోగలుగుతున్న గర్భిణులు నెలలు నిండకముందే ఈ కటి కండరాల వ్యాయామం మొదలుపెడితే, చివరి నెలల్లోనూ కాన్పు తర్వాతా మూత్రం కారే అవకాశం తగ్గుతుందని పరిశోధనలు గట్టిగానే చెబుతున్నాయి. ఆమె డాక్టరును అడిగి ఈ వారమే మొదలుపెట్టమనండి. బాలింతగా పుట్టింటికి వచ్చినప్పుడు నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందని మీ ఇంట్లో ఎవరైనా కట్టడి చేయబోతే, మీరు అడ్డుపడండి.

మూడు నెలల వ్యాయామం, ఆరు వారాల సాధన తర్వాత కూడా ఇబ్బంది మిగిలితే దారులు మూసుకుపోవు. తొందరకు సోలిఫెనాసిన్, మిరాబెగ్రాన్ వంటి మందులు ఉన్నాయి. మొదటిదానితో నోరు ఎండిపోవడం, మలబద్ధకం రావచ్చు. రెండోది బీపీని పెంచవచ్చు కనుక మీ బీపీ చూసి నిర్ణయించాలి. నెలసరి ఆగినవారికి యోని భాగంలో పైపూతగా వాడే ఈస్ట్రోజన్ క్రీము కొందరిలో బాగా ఉపయోగపడుతుంది. దగ్గితే పడే చుక్కలకు స్లింగ్ ఆపరేషన్లు, అంటే మూత్రనాళానికి కిందినుంచి ఆసరాగా ఒక పట్టీ అమర్చేవి, ఉన్నాయి. వాటిలో మెష్ అనే కృత్రిమ వల పట్టీతో చేసేవి చాలా దేశాల్లో జరుగుతున్నా, కొందరికి తర్వాత వచ్చిన సమస్యల వల్ల 2018లో బ్రిటన్‌లో వాటికి విరామం ప్రకటించారు. కాబట్టి ఏ పట్టీ వాడతారు, సొంత కణజాలంతో చేయవచ్చా అన్నది ముందే అడగండి. మూత్రంలో రక్తం కనిపించినా, జ్వరంతో మంట వచ్చినా, కాళ్లు మొద్దుబారినా, మలం మీద అదుపు తప్పినా, మూత్రం అసలు రాకపోయినా ఈ లెక్కలేవీ చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మొదట గైనకాలజిస్టును కలవండి. పెద్ద నగరాల్లో యూరోగైనకాలజీ, అంటే స్త్రీల మూత్ర, కటి సమస్యల వైద్యం, ప్రత్యేకంగా చదివినవారు ఉంటారు, లేకపోతే యూరాలజిస్టు దగ్గరకైనా వెళ్లవచ్చు. కౌంటరు దగ్గర అందరిముందు కారణం అడిగితే "మూత్ర సమస్య" అంటే చాలు. లోపలికి వెళ్లాక "ఈ వయసులో ఇవన్నీ మామూలేనమ్మా" అని డాక్టరు తేల్చేస్తే, నోటుపుస్తకం తెరిచి చూపించి, "కటి కండరాల వ్యాయామానికి నన్ను ఎవరి దగ్గరకు పంపుతారు?" అని అడగండి. జవాబు రాకపోతే ఇంకో డాక్టరు దగ్గరకు వెళ్లండి.